కట్టలో ఏడో కాగితం

సోమవారం మధ్యాహ్నం మూడూ పదికి, బడి వదిలిన వేళ, లా మోరా బస్ స్టేషన్ నాలుగో ప్లాట్‌ఫారం మీద, రెండు వందల మంది చూస్తుండగా డెల్ఫినో అర్రియాగా ఎడమ చేతి వేళ్ళు మూడు విరిచేశారు. విరిచింది దొంగలు కాదు, రౌడీలు కాదు. స్టేషన్‌కి కాపలా ఉండమని నగరం కాంట్రాక్టు ఇచ్చి పెట్టుకున్న గార్డులు. నల్ల చొక్కాలు వేసుకుంటారు కాబట్టి ఊళ్ళో అందరూ వాళ్ళని నల్ల చొక్కాలనే అంటారు.

ప్రూయిట్ అనే నల్ల చొక్కా డెల్ఫినోని ఆపి బస్ పాస్ అడిగాడు. డెల్ఫినో చూపించాడు. ప్రూయిట్ దాన్ని తీసుకుని తన జేబులో వేసుకుని, "ఇప్పుడు చూపించు" అన్నాడు. పక్కనున్న గార్డు నవ్వాడు. డెల్ఫినో ఒక్క అడుగు వెనక్కి వేశాడు. వాళ్ళకి ఆ ఒక్క అడుగు చాలింది. ఇద్దరూ కలిసి అతన్ని ఇనుప బెంచీ మీదికి బోర్లా పడేశారు. రెండోవాడు వీపు మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు. ప్రూయిట్ డెల్ఫినో ఎడమ చేతిని బెంచీ పలకల సందులోకి తోసి, మణికట్టు పట్టుకుని తాపీగా పక్కకి వంచాడు. ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడయింది. మొదట ఒకటి, తర్వాత రెండు ఒకేసారి.

యాదీరా ఓలివాస్ అయిదడుగుల దూరంలో ఉంది. డెల్ఫినో కేక ఆమె చెవిలో పడకముందే ఇంకో మాట పడింది. ప్రూయిట్ కిందికి వంగి, చిన్నపిల్లాడికి లెక్క చెబుతున్నంత నెమ్మదిగా అడిగాడు.

"ఉత్తరాలు రాసేది ఈ చేత్తోనేనా?"

జనం ఫోన్లు పైకెత్తుతున్నారు, ఎవరో పోలీసులని పిలుస్తున్నారు, పన్నెండో నెంబరు బస్సు డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడం లేదు. ఆమెకి ఒక్కటే ఆలోచన. ఆ ఉత్తరం రాసింది డెల్ఫినో అని లోకంలో ఇద్దరికే తెలియాలి. ఒకరు డెల్ఫినో. రెండోది తను.

యాదీరాకి పదిహేడేళ్ళు. వాళ్ళమ్మ టమాటా ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు చూసే పని చేస్తుంది. ఇంట్లో హైస్కూలు చివరి ఏడు దాకా వచ్చింది యాదీరా ఒక్కతే. లా మోరా నగరం మూడేళ్ళ కింద యువజన కౌన్సిలు పెట్టింది. పద్నాలుగు నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లలు పదకొండు మంది. ఆమె దానికి సెక్రటరీ. పిల్లలకి సంబంధించిన ఏ విషయమైనా ముందు వీళ్ళ దగ్గరికి రావాలి, వీళ్ళ సలహా విన్నాకే పెద్ద కౌన్సిలు ఓటు వేయాలి. కాగితం మీద ఉన్న మాట అది. మొదటి ఏడాది పార్కు బెంచీలకి ఏ రంగు వేయాలో అడిగారు. రెండో ఏడాది ఏమీ అడగలేదు. మూడో ఏడాది అధ్యక్షుడైన జబారి ఓట్స్ అనే పొడుగాటి కుర్రాడు ఒక లెక్క తీశాడు. బస్ స్టేషన్‌లో దిగేవాళ్ళలో పదికి ఏడుగురు బడిపిల్లలు. కాబట్టి నల్ల చొక్కాల కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది ముందు మా దగ్గరికే రావాలన్నాడు. పెద్దవాళ్ళకి కాదనడానికి దారి దొరకలేదు. సమావేశం బుధవారం సాయంత్రం అయిదున్నరకి పడింది.

ఏప్రిల్లో స్టేషన్లో జరిగింది అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. టౌ షియాంగ్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడు సీటు మీద కాళ్ళు పెట్టాడని నల్ల చొక్కాలు వాణ్ణి టికెట్ కిటికీల వెనక, తుడుపుకర్రలు పెట్టుకునే గదిలోకి లాక్కెళ్ళారు. బయటికొచ్చాక వాడి కుడి చెవి పనిచేయలేదు. మెట్ల మీద పడ్డాడని రిపోర్టు రాశారు. స్టేషన్లో మెట్లు లేవు. సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి అటు వెళ్ళిన డెల్ఫినో తలుపు సందులోంచి అంతా చూశాడు. తుడుపుబకెట్‌లో టౌ తల ముంచడం, పైకి తీసి చెవి మీద అరచేత్తో కొట్టడం, మళ్ళీ ముంచడం. ఎనిమిదిసార్లు. డెల్ఫినో లెక్కపెట్టాడు, ఎందుకు లెక్కపెట్టాడో అతనికే తెలియదు.

యాదీరా, డెల్ఫినో ఒకే అపార్ట్‌మెంట్ల ఆవరణలో పెరిగారు. చూసిందంతా కౌన్సిలుకి ఉత్తరంగా రాసిమ్మని ఆమె అతన్ని మూడు వారాలు బతిమాలింది.

"నా పేరు ఎక్కడా కనపడకూడదు, సెక్రటరమ్మా," అన్నాడు చివరికి. ఆ పదవి వచ్చినప్పటి నుంచీ ఆమెని అతను పిలిచే పిలుపు అది. "నువ్వు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చుంటావు. నేను రోజూ ఆ బస్సే ఎక్కాలి."

"కనపడదురా. నల్లరంగు పూసేస్తాను," అంది యాదీరా.

పూసింది కూడా. అక్కడే వచ్చింది పొరపాటు.

సమావేశానికి డెబ్బై రెండు గంటల ముందు ఎజెండా, దానితో పాటు ఊరి జనం రాసిన ఉత్తరాలన్నీ ఒక కట్టగా చేసి నగరం వెబ్‌సైటులో పెట్టాలి. ఉత్తరం ఎలా వస్తే అలాగే పెట్టాలి, దాచకూడదు. ఎవరైనా కోరితే పేరూ అడ్రసూ కనపడకుండా చేయవచ్చు. ఈ పని ముప్ఫై ఏళ్ళుగా సిటీ క్లర్కు మిసెస్ బీచమ్ చేతిలో ఉంది. ఆవిడ పద్ధతి ఆవిడది. కాగితం అచ్చు తీసి, లావుపాటి నల్ల మార్కరుతో గీసి, దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ని మళ్ళీ జిరాక్స్ తీసి, దీపానికి ఎదురుగా పెట్టి చూసి, అప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. పిల్లలందరూ చాటుగా నవ్వుకునేవాళ్ళు. యాదీరా కూడా నవ్వింది.

ఆ శుక్రవారం మిసెస్ బీచమ్ కూతురి కాన్పుకని పొరుగూరు వెళ్ళింది. వెళ్తూ ఫోన్ చేసి, గీసి రెండుసార్లు కాపీ తియ్యమ్మా అని చెప్పింది. యాదీరా అలాగేనండీ అంది. పదమూడు ఉత్తరాలు, ముప్ఫై ఒక్క పేజీలు. ఇంత కాగితం తగలెయ్యడమెందుకని కంప్యూటర్లోనే డెల్ఫినో పేరు మీద, అడ్రసు మీద నల్ల పట్టీలు గీసింది. తెర మీద చక్కగా నల్లగా కనిపించాయి. అయిదింటికి కట్టని వెబ్‌సైటులో పెట్టి, డెల్ఫినో ఉత్తరం ఏడోదిగా వచ్చిందని చూసుకుని, పని సవ్యంగా చేశానన్న తృప్తితో ఇంటికి పోయింది.

సోమవారం డెల్ఫినోని అంబులెన్సు ఎక్కించాక, ఆమె స్టేషన్ గోడ పక్కన చతికిలబడి ఫోన్లో ఆ కట్ట తెరిచింది. ఏడో కాగితం. నల్ల పట్టీ మీద వేలు అదిమిపట్టి, కాపీ చేసి, వేరే చోట దించింది. నలుపు రాలేదు. దాని కిందున్న అక్షరాలు వచ్చాయి. డెల్ఫినో అర్రియాగా, వీధి పేరు, తొమ్మిదో నెంబరు ఇల్లు.

ఆమె అక్కడే వాంతి చేసుకుంది.

లేచి నేరుగా సిటీ హాలుకి నడిచింది. యువజన కౌన్సిలు వ్యవహారాలు చూసే ఉప మేనేజరు హాల్వర్‌సన్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మొహం మాడిపోయింది కానీ గొంతు పెంచలేదు. పది నిమిషాల్లో పాత కట్ట తీయించి కొత్తది పెట్టించాడు. పాతదాన్ని ఎవరు తెరిచారో తన కంప్యూటర్లో చూస్తున్నప్పుడు తెర పక్కకి తిప్పడం మర్చిపోయాడు. నాలుగే వరసలు. మూడు నగరం ఆఫీసువి. నాలుగోది నల్ల చొక్కాల కంపెనీ ఆఫీసు, శనివారం ఉదయం తొమ్మిదీ నలభై. యాదీరా చూసింది. ఆమె చూసిందని ఆయనా చూశాడు, అప్పుడు తెర తిప్పాడు.

తర్వాత చాలాసేపు మంచిగా మాట్లాడాడు. తెలివైన పిల్లవి, నీ కాలేజీ సిఫార్సు ఉత్తరం నా బల్ల మీదే ఉంది, ఇలాంటి పొరపాటు బయటపడితే ఇంక పిల్లల చేతికి కాగితాలు ఇవ్వరు, మీ కౌన్సిలే మూసేస్తారు అన్నాడు. పోలీసులు ఆ గొడవని టికెట్ దగ్గర పెనుగులాటగా రాసుకున్నారని కూడా చెప్పాడు.

"టికెట్ గొడవ టికెట్ గొడవలాగే ఉండనీ, యాదీరా. ఎవరికీ నష్టం లేదు."

ఆ మాట ఆమెకి ఇంటికెళ్ళాక అర్థమైంది. తను నోరు మూసుకుంటే ప్రూయిట్‌కి డెల్ఫినో ఎవరో తెలియదు, పాస్ చూపించని కుర్రాడు పెనుగులాడితే వేళ్ళు విరిగాయి, అంతే. తను నోరు విప్పితే అది సాక్షి మీద చేసిన దాడి. వాళ్ళకి పేరు ఎలా చేరిందో చెప్పగలిగేది తన తప్పు ఒక్కటే.

మంగళవారం రెండింటికి డెల్ఫినో వాళ్ళింటి తలుపు తట్టింది. వాళ్ళ అన్న రమీరో తీశాడు. ఇరవై రెండేళ్ళు, టైర్ల షాపులో పని, మెడ మీద గ్రీజు మరక. లోపల సోఫాలో డెల్ఫినో, మోచేతి దాకా కట్టు. బల్ల మీద వాళ్ళమ్మ పెట్టి వెళ్ళిన బీన్స్ గిన్నె అలాగే ఉంది.

యాదీరా నిలబడే చెప్పింది. నల్ల పట్టీ గురించి, కింద మిగిలిపోయిన అక్షరాల గురించి, శనివారం తొమ్మిదీ నలభై గురించి. తడుముకోకుండా చెప్పాలని దారి పొడుగునా అనుకుంది, తడుముకుంది.

"నిన్నటి నుంచీ టౌ చెప్పేశాడనుకుంటున్నా. ఆ రోజు తలుపు సందులో నన్ను చూసింది వాడొక్కడే," అన్నాడు డెల్ఫినో. "నిన్న రాత్రి వాడికి ఫోన్ చేసి నానా బూతులూ తిట్టాను. ఒక్క చెవే పనిచేసేవాణ్ణి."

లేచి బీన్స్ గిన్నెని కట్టు కట్టిన చేత్తోనే గోడకేసి కొట్టాడు. గిన్నె పగిలింది, అతనూ అరిచి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. యాదీరా పట్టుకోబోతే మంచి చేత్తో ఆమె ఛాతీ మీద ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్ళి తలుపుకి గుద్దుకుంది.

"పో. నీ రూలు పుస్తకం తీసుకుని పో ఇక్కణ్ణించి."

ఈ మాటల మధ్యలో రమీరో లేడని ఇద్దరూ ఒకేసారి గమనించారు. కింద అతని ట్రక్కు తలుపు తెరిచిన చప్పుడు. యాదీరా బాల్కనీలోంచి చూసింది. రమీరో చేతిలో చక్రాల నట్లు విప్పే నాలుగు చేతుల వీల్ పానా ఉంది.

బస్ స్టేషన్ అక్కడికి ఆరు వీధులు. యాదీరా పరిగెత్తింది. రమీరో ట్రక్కు సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ వెళ్ళింది కాబట్టి అతను ప్లాట్‌ఫారం ఎక్కేసరికి ఆమె కూడా అక్కడికి చేరింది, ఆపగలిగినంత దగ్గరికి మాత్రం చేరలేదు.

ప్రూయిట్ కాఫీ తాగుతున్నాడు. రమీరో వెనకనించి వీల్ పానాతో అతని కుడి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగింది. కాఫీ కప్పు అంత దూరం ఎగిరిపడింది. రెండో దెబ్బ మోచేతి మీద. మూడో దెబ్బకి చెయ్యెత్తేసరికి నలుగురు నల్ల చొక్కాలు మీద పడ్డారు. లాఠీలు ఎలా వాడాలో వాళ్ళకి బాగా తెలుసు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుం, పడ్డాక పక్కటెముకలు. రమీరో తల చేతుల్లో దాచుకుని ముడుచుకున్నాడు. వాళ్ళు ఆ చేతుల మీదే కొట్టారు. పానా అప్పటికే బస్సు కిందికి దొర్లిపోయింది, అతని చేతుల్లో ఏమీ లేదు. అయినా ఆపలేదు. రక్తం సిమెంటు మీద చిన్న చిన్న చుక్కలుగా చిందుతోంది, లాఠీ లేచినప్పుడల్లా ఒక వరస.

చచ్చిపోతాడు, అనుకుంది యాదీరా. నేను గీసిన నల్ల పట్టీ వల్ల చచ్చిపోతాడు.

ఆమె వెళ్ళి అతని మీద పడింది. నేను సెక్రటరీని, నేను సెక్రటరీని అని అరిచింది. ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియదు, వేరే మాట నోటికి రాలేదు. ఒక లాఠీ దిగింది. అది రమీరో కోసం దింపిందో ఆమె కోసమే దింపిందో ఆ తర్వాత ఎవరూ తేల్చలేకపోయారు. ఎడమ దవడ మీద పడింది. ఆమెకి నొప్పి తెలియలేదు. నోట్లో గులకరాళ్ళు పోసినట్టనిపించింది. ఉమ్మేస్తే రెండు పళ్ళు.

పోలీసులు వచ్చి రమీరోకి సంకెళ్ళు వేసి, అలాగే స్ట్రెచర్ మీద ఎక్కించారు. మారణాయుధంతో దాడి కేసు. నల్ల చొక్కాల మీద ఏమీ రాసుకోలేదు.

దవడ రెండు చోట్ల చీలిందన్నారు ఆసుపత్రిలో. గురువారం ఉదయం ఆపరేషను చేసి తీగలు వేస్తారు. అప్పటిదాకా తల చుట్టూ కట్టు, గొట్టంతో నీళ్ళు, ఒక్క మాట మాట్లాడకూడదు. ఫ్యాక్టరీ నుంచి టోపీతోనే పరిగెత్తుకొచ్చిన అమ్మ మంచం పక్కన కూర్చుని, "ఇంక చాలు, తల్లీ," అంది. ఆ ఒక్క మాట చాలాసార్లు అంది.

యాదీరా బుధవారం పొద్దున్న కాగితం అడిగింది. ఒక పేజీ రాయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. రాసినదాన్ని ఫొటో తీసి డెల్ఫినోకి పంపి, కింద ఇంకో వాక్యం రాసింది. దీన్ని సాయంత్రం చదివించబోతున్నాను, నీ పేరున్న వాక్యం వద్దంటే తీసేస్తాను, నువ్వు చెప్పేదాకా అది ఎవరికీ చూపించను. సందేశం చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. ఆమె ఇంకో కాగితం తీసుకుని డెల్ఫినో పేరు లేకుండా మళ్ళీ మొదటి నుంచి రాసింది. పేరు లేకపోవడంతో దాంట్లో సగం బలం పోయింది. అయినా మడిచి జేబులో పెట్టుకుంది.

సభకి వెళ్తానని రాసి చూపిస్తే అమ్మ వద్దంది. తర్వాత తనే ఇంటికెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చింది.

సిటీ హాల్లో కుర్చీలన్నీ నిండాయి. వెనక గోడ పొడుగునా ఎనిమిది మంది నల్ల చొక్కాలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో ప్రూయిట్, కుడిచెయ్యి జోలెలో వేలాడుతోంది. పదకొండు మంది సభ్యుల్లో ఏడుగురే వచ్చారు. మిగతా నలుగురినీ ఇళ్ళల్లోంచి కదలనివ్వలేదు. ఆరుగురుంటే సభ చెల్లుతుంది. యాదీరా తన కుర్చీలో కూర్చోగానే జబారి ఆమె కట్టు వంక చూసి, ఏదో హాస్యం ఆడబోయి మానేశాడు.

కంపెనీ తరఫున ఒకావిడ మాట్లాడింది. మర్యాదస్తురాలు. మాట్లాడేవాళ్ళకి మూడు నిమిషాలు, బల్ల మీద ఆకుపచ్చ దీపం, చివర్లో పసుపు, అయిపోతే ఎరుపు. ఆవిడ పసుపు రాకముందే ముగించింది. ఏడో కాగితం పేరు లేని ఆకాశరామన్న ఉత్తరం, దాన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదంది. సోమవారం ఒక కుర్రాడు పాస్ చూపించనన్నాడు, మంగళవారం అతని అన్న ఇనుప ఆయుధంతో వచ్చాడు, కాపలా ఎంత అవసరమో ఇంతకన్నా ఏం చెప్పాలంది. ముందు వరసలో కొందరు తలలూపారు.

యాదీరా లేచింది. సభ్యుల వేదిక దిగి, కింద పెట్టిన కార్డుల్లో ఒకటి తీసుకుని అందరిలాగే పేరు రాసి క్లర్కు బల్ల మీద పెట్టింది. మిసెస్ బీచమ్ తిరిగి వచ్చింది. కార్డు తీసుకుంటూ యాదీరా చేతిని ఒక్క క్షణం వదల్లేదు. హాల్వర్‌సన్ పక్కకి వచ్చి చెవిలో, "ఆలోచించుకో. తర్వాత నేనేం చేయలేను," అన్నాడు. యాదీరా మైకు ముందు నిలబడి, కాగితం ఎవరికివ్వాలా అని చూసింది. జబారి చెయ్యి చాపాడు.

"ఆ కాగితం కాదు."

డెల్ఫినో తలుపు దగ్గర ఉన్నాడు. నల్ల చొక్కాల ముందు నుంచే నడిచి వచ్చాడు. ఆమె పక్కన నిలబడి మంచి చేత్తో ఫోన్ తీశాడు. పొద్దున్న ఆమె పంపిన పేజీ.

"నీ కోసం కాదు," అన్నాడు ఆమెకి మాత్రం వినపడేట్టు. "అన్న కోసం."

చదివేవాళ్ళు రికార్డు కోసం పేరు చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ అలవాటు, మిసెస్ బీచమ్ అడిగింది, అడిగాక పెదవి కొరుక్కుంది. వెనక గోడ దగ్గర ఒక నల్ల చొక్కా మెటికలు విరుచుకున్నాడు. ఒక్కొక్క వేలే, నెమ్మదిగా, అందరికీ వినపడేట్టు.

"డెల్ఫినో అర్రియాగా," అన్నాడు డెల్ఫినో. "తొమ్మిదో నెంబరు ఇల్లు. మీలో కొందరికి తెలుసు కదా."

చదవడం మొదలుపెట్టాడు. "నా పేరు యాదీరా ఓలివాస్. ఏడో కాగితంలో పేరు దాస్తానని మాటిచ్చి, దాచడం చేతకాక బయటపెట్టింది నేను. నాకు చెప్పిన పద్ధతి వేరు, నేను చేసింది వేరు. శనివారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఆ కాగితాన్ని గార్డుల కంపెనీ ఆఫీసు తెరిచింది. అది నగరం కంప్యూటర్లో ఉంది, నేను చూశాను. సోమవారం మధ్యాహ్నం ప్రూయిట్ అనే గార్డు డెల్ఫినో అర్రియాగా వేళ్ళు విరిచి, ఉత్తరాలు రాసేది ఈ చేత్తోనేనా అని అడిగాడు. ఆ మాట నేను విన్నాను. అది టికెట్ గొడవ కాదు."

ప్రూయిట్ గోడ వదిలి ముందుకి రావడం మొదలుపెట్టాడు. దారిలో ఒక కుర్చీని తన్నాడు, అందులో కూర్చున్న ముసలాయన పక్కకి ఒరిగాడు. తలుపు దగ్గరున్న పోలీసు కదిలేలోపు మిసెస్ బీచమ్ లేచి దారికి అడ్డంగా నిలబడి, అతని ఛాతీకి ఒక ఖాళీ కార్డు ఆనించింది.

"మాట్లాడాలంటే ఇది నింపండి. వరసలో పిలుస్తాను."

ప్రూయిట్ కార్డుని ఎడమచేత్తో నలిపి ఆవిడ కాళ్ళ మీద పడేశాడు. రెండు వందల మంది ముందు అతను ఇంకేం చేసేవాడో, పోలీసు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వేసింది విరిగిన భుజం మీద. ప్రూయిట్ నోట్లోంచి ఒక కేక వచ్చింది. హాల్లో ఎవరో నవ్వారు, నవ్వకూడదని ఆపేసుకున్నారు.

ఈ గలాటాలో దీపం ఎర్రబడింది. కాగితంలో ఇంకా సగం ఉంది. రూలు రూలే, డెల్ఫినో ఆపాలి. కంపెనీ ఆవిడ మర్యాదగా ఆ సంగతి గుర్తు చేసింది. జబారి చెంపలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆపకపోతే రేపు ఇదే పట్టుకుని సమావేశమే చెల్లదంటారు.

నాలుగో వరసలో టౌ షియాంగ్ లేచాడు. పక్కన వాళ్ళమ్మ చొక్కా పట్టుకుని లాగుతోంది. వాడు ఎడమ చెవి ఇటు తిప్పి, ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో తనకే తెలియనంత గట్టిగా అన్నాడు.

"నా మూడు నిమిషాలు అతనికి ఇస్తున్నా. నా కార్డు ఇందాకే ఇచ్చాను."

మిసెస్ బీచమ్ కార్డుల దొంతరలో వెతికి తీసింది. ఉంది. దీపం మళ్ళీ ఆకుపచ్చగా వెలిగింది. డెల్ఫినో ఒక్కసారి టౌ వంక చూసి, మిగతాది చదివాడు. రమీరో చేతుల్లో ఏమీ లేనప్పుడు ఎన్ని దెబ్బలు పడ్డాయో, రక్తం ఎలా చిందిందో, నల్ల చొక్కాల మీద ఒక్క అక్షరమైనా రాసుకోకుండా పోలీసులు ఎలా వెళ్ళారో. ఆఖరి వాక్యం, ఈ సమావేశం అయ్యాక నేను సెక్రటరీ పదవి వదిలేస్తున్నాను అన్నది, చదవకుండా ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఎందుకని ఆమె తర్వాత రాసి అడిగితే, టైం అయిపోయింది అన్నాడు. దీపం అప్పటికి పసుపు కూడా కాలేదు.

కాంట్రాక్టు పొడిగించవద్దన్న సలహాకి అయిదుగురు, పొడిగించమని ఇద్దరు. అది సలహాయే. పెద్ద కౌన్సిలు రెండు వారాల తర్వాత కూర్చుంటుంది, అందులో ఇద్దరు ఎటూ చెప్పడం లేదు. కానీ ఓటు కాగానే రమీరో తరఫున వాదించడానికి కోర్టు పెట్టిన వకీలు యాదీరా పేజీకి ముద్ర వేసిన నకలు కావాలని అడిగింది. నగరం కంప్యూటరు చిట్టా కూడా అడిగింది. హాల్వర్‌సన్ ఎవరివంకా చూడకుండా ఫైళ్ళు సర్దుకున్నాడు.

బయట ఇంకా ఎండ ఉంది. జనం వెళ్ళిపోయాక యాదీరా మిసెస్ బీచమ్ గదిలో కూర్చుని ఆ సాయంత్రం వచ్చిన కార్డుల పని మొదలుపెట్టింది. మర్నాటి కట్టలోకి పోయేవి. దవడ కొట్టుకుంటోంది, నోట్లో ఇనుము రుచి. అయినా ఇది తన పని. లావు మార్కరుతో ఒక్కో అడ్రసూ గీసి, జిరాక్స్ తీసి, మళ్ళీ జిరాక్స్ తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి పక్కన పెట్టింది.

ఆమెని బస్సు దాకా దింపాలని జబారి, ఇంకో ముగ్గురూ వరండాలో ఎదురుచూస్తున్నారు. డెల్ఫినో గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు, పోలేదు.

చదివాక రికార్డు కోసం నింపిచ్చిన అతని కార్డు వచ్చింది. కుడిచేత్తో రాసిన వంకరటింకర అక్షరాలు. ఆమె మార్కరు మూత తీసి పేరు మీద పెట్టబోయింది. డెల్ఫినో గబగబా వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు, నొప్పి పుట్టింది.

"పేరు ఉండనీ," అన్నాడు. "అడ్రసు మాత్రం పూయి. ఇంట్లో అమ్మ ఉంది."

యాదీరా అడ్రసు మీద మూడుసార్లు పూసింది. కాపీ తీసింది. కాపీని మళ్ళీ కాపీ తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను కూడా వచ్చి, ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. ఒక్క అక్షరం కనపడలేదు. అయినా ఇంకోసారి తియ్యమన్నాడు. ఆమె ఇంకోసారి తీసింది.